సింక్ నొక్కినా దరువులు గుద్దుకుంటున్నాయి: కొత్త డీజేకి సామాను, సాధన

ప్రశ్న: ఖమ్మంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా ల్యాప్‌టాప్‌లో మౌస్‌తోనే పాటలు కలుపుతున్నాను, బంధువుల సంగీత్ ఫంక్షన్లలో ప్లే చేశాను. కంట్రోలర్ కోసం 55 వేలు కూడబెట్టాను. ఒక షాపాయన నాలుగు ఛానళ్ల (ఒకేసారి నాలుగు పాటలు నడిపే) సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ 50 వేలకు ఇస్తానంటున్నారు. అది తీసుకోనా, కొత్తగా రెండు ఛానళ్లది కొననా? ఇంకో సమస్య ఉంది. రెండు తెలుగు పాటలూ తెర మీద 100 బీపీఎం (నిమిషానికి 100 దెబ్బలు) చూపిస్తున్నా, సింక్ నొక్కినా దరువులు గుద్దుకుంటున్నాయి. హౌస్ (క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ డాన్స్) పాటలు మాత్రం చక్కగా కలుస్తున్నాయి. మంచి కంట్రోలర్ కొంటే ఇది పోతుందా? ముందు ముందు హైదరాబాద్ పబ్బుల్లో ప్లే చేయాలని ఉంది. దానికేం నేర్చుకోవాలి?

జవాబు: పోదు. మీ 55 వేలు ఎక్కడ పెట్టాలన్నది దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందే చెబుతున్నాం. కంట్రోలర్‌లో ఉండేవి జాగ్ వీల్స్ (పాటను చేత్తో ముందుకీ వెనక్కీ నెట్టే చక్రాలు), ఫేడర్లు (జరిపే మీటలు), నాబ్‌లు, ఒక సౌండ్ కార్డు. పాట వేగం ఎంత, మొదటి దెబ్బ ఎక్కడ పడుతోంది అని లెక్కగట్టేది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. ఆ లెక్క తప్పితే రెండు ఛానళ్ల మీదా తప్పుతుంది, నాలుగు ఛానళ్ల మీదా తప్పుతుంది. అందుకే ముందు దరువుల సంగతి చూద్దాం, కొనడం తర్వాత.

పాటను విశ్లేషించగానే సాఫ్ట్‌వేర్ వేవ్‌ఫామ్ మీద సమాన దూరంలో నిలువు గీతలు గీస్తుంది. అదే బీట్‌గ్రిడ్. సింక్ చేసే పనల్లా ఈ పాట గీతలను ఆ పాట గీతల మీద కూర్చోబెట్టడమే. గీత నిజంగా దెబ్బ మీద ఉందా లేదా అన్నది దానికి పట్టదు. హౌస్ పాటలు కంప్యూటర్‌లో ఒకే వేగానికి బిగించి చేసినవి. చాలావాటిలో మొదటి సెకను నుంచే కిక్ డ్రమ్ మోగుతుంది. గ్రిడ్ తప్పే అవకాశం తక్కువ, అందుకే మీకు అవి ఇబ్బంది పెట్టడం లేదు. తెలుగు పాటలతో ఇబ్బంది మూడు రకాలుగా వస్తుంది. ఏ పాట ఏ రకమో తెలిస్తేనే దానికి మందు తెలుస్తుంది.

మొదటి రకం, ఈమధ్య వచ్చిన సినిమా పాటలు. వేగం స్థిరంగానే ఉంటుంది కానీ మొదట్లో సన్నాయో ఫ్లూటో ఆలాపనో ఉండి, డ్రమ్స్ తర్వాతెప్పుడో మొదలవుతాయి. దెబ్బ లేనిచోట సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. ఒక్కోసారి మొదటి దెబ్బకు బదులు రెండో దెబ్బ మీదో, రెండు దెబ్బల నడుమో గీత పెడుతుంది. దీన్ని సరిచేయడం తేలిక. క్వాంటైజ్ (మీరు పెట్టినదాన్ని దగ్గరి గీతకు లాగే సెట్టింగ్) ఆపండి. వేవ్‌ఫామ్‌ను బాగా పెద్దది చేసి, డ్రమ్స్ పూర్తిగా పడిన తర్వాత వచ్చే మొదటి గట్టి దెబ్బ కొన మీద ఆగండి. దాన్ని మొదటి బీట్‌గా గుర్తించమని చెప్పండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు పాట చివరి చరణానికి వెళ్లి అక్కడా గీత దెబ్బ మీదే ఉందో లేదో చూడండి. జరిగి ఉంటే బీపీఎంలో పాయింట్ తర్వాతి అంకెలను అటూ ఇటూ మార్చి మళ్లీ చూడాలి. 0.1 బీపీఎం తేడాకే 100 వేగం పాట నిమిషంలో 60 మిల్లీసెకన్లు జరుగుతుంది. చెవికి అది ఒక దెబ్బ రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. పని పూర్తయ్యాక, రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎనాలిసిస్ లాక్ పెట్టండి, లేకపోతే మళ్లీ విశ్లేషణ నడిచినప్పుడు మీ శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది.

రెండో రకం, వాద్యబృందం కూర్చుని వాయించిన పాత పాటలు. మనుషులు వాయించిన వేగం పల్లవిలో ఒకలా, చరణంలో కాస్త ఎక్కువగా ఉంటుంది. సమాన దూరపు గీతలు వీటికి ఎప్పటికీ సరిపడవు. రికార్డ్‌బాక్స్‌లో విశ్లేషణ పద్ధతిని నార్మల్ నుంచి డైనమిక్‌కి మారిస్తే వేగం మారిన చోటల్లా గీతలు జరుగుతాయి. కొంత మేలే కానీ పూర్తిగా నమ్మొద్దు. ఇలాంటి పాటను పొడుగ్గా కలిపే ప్రయత్నమే వద్దు. దాని ఇంటర్‌లూడ్‌లో డోలకో తబలానో స్పష్టంగా ఉన్న 4 బీట్ల ముక్కను లూప్ చేయండి, అంటే అదే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టండి. లూప్‌లో వేగం ఇక మారదు కాబట్టి రెండో పాట దాని మీద ఎక్కుతుంది, ఎక్కాక లూప్‌ను ఫేడర్‌తో దించేయొచ్చు.

మూడో రకమే మీ 100, 100 సమస్య అయ్యుండాలి. జానపదాల్లో, తీన్మార్ దరువుల్లో ఎక్కువ భాగం తిశ్ర నడక. రెండు పెద్ద దెబ్బల మధ్య “తకిట” పలుకుతుంది. చాలా సినిమా పాటల్లో అదే చోట “తకధిమి” పలుకుతుంది. రెండూ 100 అయినప్పుడు పెద్ద దెబ్బలు కలుస్తాయి, వాటి మధ్య ఒకవైపు మూడు చిన్న దెబ్బలు, ఇంకోవైపు నాలుగు పడతాయి. మీకు వినిపిస్తున్న గుద్దుడు అదే. గ్రిడ్ ఎంత సరిగ్గా ఉన్నా ఆ రెంటినీ 32 బీట్లపాటు ఒకదాని మీద ఒకటి నడపలేరు. నోటితో తకిట, తకధిమి అనుకుంటూ మీ లైబ్రరీ మొత్తం ఒకసారి వినండి. తిశ్రం పాటలన్నిటినీ వేరే ప్లేలిస్టులో పెట్టండి. తిశ్రం నుంచి తిశ్రానికి కలపండి. అటు నుంచి ఇటు రావాలంటే పల్లవి ముగిసిన చోట కట్ చేసి కొత్త పాట మొదటి దెబ్బ మీద దూకండి.

ఈ రకంలోనే ఇంకో మెలిక ఉంది. నిమిషానికి 100 పెద్ద దెబ్బలు పడే తిశ్రం పాటలో చిన్న మాత్రలు 300. సాఫ్ట్‌వేర్ వాటిని రెండేసి చొప్పున లెక్కపెట్టి 150 అంటుంది. ఆడేవాళ్ల కాళ్లు మాత్రం మూడేసి చొప్పున 100కే పడతాయి. సగం చేసే బటన్ నొక్కితే 75 అవుతుంది, అదీ తప్పే. 150ని మూడో వంతు తగ్గించి 100 అని మీరే టైప్ చేసి, గీతను డప్పు పెద్ద దెబ్బ మీద పెట్టాలి.

ఇక సామాను. ఆ నాలుగు ఛానళ్లది తీసుకోవద్దన్నదే మా సలహా. కారణం పాతదని కాదు. మీరు చేయబోయే పనిలో మూడో డెక్ (పాట ఎక్కించే చోటు), నాలుగో డెక్ అవసరం రాదు. 55లో 50 దానికే పోతే హెడ్‌ఫోన్స్, కేబుళ్లకు మిగిలేది చాలదు. సంగీత్‌లో ఒక్కో పాట నిమిషమో నిమిషంన్నరో నడుస్తుంది. ఆ కాస్త సమయంలో తర్వాతి పాట వెతకడం, విని సరిచూడటం, అక్క వచ్చి అడిగిన పాట ఎక్కించడం, వీటికే రెండు చేతులూ సరిపోతాయి.

రెండు ఛానళ్లలో పయనీర్ డీజే వారి డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 మీకు సరిపోతుంది. బటన్ల అమరిక క్లబ్ యంత్రాలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని తగిలిస్తే రికార్డ్‌బాక్స్ పెర్ఫార్మెన్స్ మోడ్ (పాటలు కలిపే భాగం) డబ్బు కట్టకుండానే తెరుచుకుంటుంది, సెరాటో డీజే లైట్ అనే మరో సాఫ్ట్‌వేర్ కూడా నడుస్తుంది. పబ్బులు మీ లక్ష్యం కాబట్టి రికార్డ్‌బాక్స్ అలవాటు కావడం ముఖ్యం. లోపమూ చెప్పాలి: మాస్టర్ అవుట్‌పుట్ ఆర్‌సీఏ మాత్రమే, బ్యాలెన్స్‌డ్ (పొడుగు వైరులోనూ హమ్ పట్టని రకం) కాదు. దాని సంగతి కింద రాస్తున్నాం. దొరక్కపోతే హెర్క్యులిస్ ఇన్‌పల్స్ 300 ఎంకే2 కూడా నేర్చుకోవడానికి మంచిదే. డీడీజే-200 లాంటివి తక్కువ ధరకు కనిపిస్తాయి కానీ వాటిలో సౌండ్ కార్డు ఉండదు. హెడ్‌ఫోన్‌లో ఒక పాట, స్పీకర్‌లో ఇంకో పాట వినాలంటే స్ప్లిటర్ కేబుల్ పెట్టుకోవాలి, అప్పుడు బయటికి వెళ్లేది మోనో. ఫంక్షన్‌కి వద్దు.

మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే ఈ పనికి చాలు. పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను విడదీసే స్టెమ్స్ వాడాలంటే మాత్రం 16 జీబీ ఉంటే నయం.

ఆ షాపాయన సరుకే కావాలనిపిస్తే, డబ్బిచ్చే ముందు మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. ఛానల్ ఫేడర్‌ను పూర్తిగా దించి వాల్యూమ్ పెంచితే పాట సన్నగా కారుతోందా? టెంపో ఫేడర్‌ను ముట్టుకోకుండా వదిలితే తెర మీద అంకె దానంతటదే వణుకుతోందా? వణికితే ఆ ఫేడర్ అరిగిపోయింది, దానితో వేగం కలపడం కుదరదు. యూఎస్‌బీ వైరును కాస్త కదిపితే కనెక్షన్ పోతోందా? చివరిగా, ఆ మోడల్‌కు మీ విండోస్‌లో నడిచే డ్రైవర్ కంపెనీ సైట్‌లో ఇంకా ఉందా? పాత కంట్రోలర్లు చాలావరకు మూలపడేది బటన్లు పోయి కాదు, డ్రైవర్లు ఆగిపోయి.

హెడ్‌ఫోన్స్ వైరు ఉన్నవి, బయటి శబ్దాన్ని బాగా ఆపేవి కొనండి. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, చెవి మీద కూర్చునే రకంలో సెన్‌హైజర్ హెచ్‌డీ 25 డీజేలు ఏళ్ల తరబడి వాడుతున్నవి. అంత పెట్టలేకపోతే పయనీర్ వారి హెచ్‌డీజే-క్యూ1 చాలు. బ్లూటూత్ మాత్రం హెడ్‌ఫోన్‌కీ వద్దు, సాధన చేసే స్పీకర్‌కీ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి మీరు కలిపింది ఎప్పుడూ కలవనట్టే వినిపిస్తుంది.

మిగిలిన డబ్బులో డీఐ బాక్స్ (ఆర్‌సీఏ శబ్దాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న డబ్బా) తప్పకుండా తీసుకోండి, రెండు ఛానళ్ల పాసివ్ రకం. ఆర్‌సీఏ కేబుల్ నాలుగైదు మీటర్లు దాటితే గుర్రుమనే హమ్ పట్టుకుంటుంది. కంట్రోలర్ నుంచి చిన్న ఆర్‌సీఏ డీఐ బాక్స్‌కి, అక్కడి నుంచి ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లు సౌండ్ వాళ్ల మిక్సర్‌కి వెళ్లాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే హమ్ వస్తే అది గ్రౌండ్ లూప్. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి, ల్యాప్‌టాప్‌నూ మిక్సర్‌నూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా పెట్టండి. ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినొద్దు. షామియానాల కింద తడి నేల మీద అది ప్రాణాలకే ముప్పు.

ఫంక్షన్ హాళ్లలో తరచూ జరిగే మరో పొరపాటు: ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక స్టీరియో వైరు తెచ్చి, దాని పెద్ద జాక్‌ను మిక్సర్‌లోని ఒకే మోనో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. ఆ ఇన్‌పుట్ ఎడమ కుడి శబ్దాల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతు, కిక్, బేస్ మాయమై, కోరస్, ప్రతిధ్వని మాత్రం గుహలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. అది వినిపిస్తే స్పీకర్లను అనుమానించకండి, వైరు చూడండి. ఎడమకొకటి, కుడికొకటి రెండు వేర్వేరు జాక్‌లు రెండు లైన్ ఇన్‌పుట్లలోకి వెళ్లాలి.

పాటల నాణ్యత గురించి గట్టిగానే చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చినవీ, యూట్యూబ్ నుంచి దింపినవీ గదిలో బాగానే ఉంటాయి, పెద్ద బాక్సుల్లో సింబల్స్ ఇసుక రాల్చినట్టు గరగరలాడతాయి. 320 కేబీపీఎస్ ఎంపీ3 నాలుగు నిమిషాలకు దాదాపు 9.6 ఎంబీ ఉంటుంది. కానీ సైజు చూసి నమ్మలేం, 128ని 320గా మార్చి పంచేవాళ్లు ఉన్నారు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరవండి. బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అది 128 నుంచి సాగదీసినదనే అనుమానించాలి, అసలైన 320లో 20 దాకా ఉంటుంది. ఐట్యూన్స్ స్టోర్‌లో కొన్న పాట 256 కేబీపీఎస్ ఏఏసీ, కాపీ తాళం (డీఆర్ఎం) లేని ఫైలు, పెద్ద సిస్టమ్‌కి సరిపోతుంది. ఫంక్షన్ హాల్లో నెట్ మీద ఆధారపడకుండా అన్నీ డిస్క్‌లోనే పెట్టుకోండి.

సాధనకి వస్తే, మొదటి నెల సింక్ ముట్టుకోవద్దు. సింక్ వాడటం తప్పని కాదు. గ్రిడ్ తప్పిందని చెప్పగలిగేది చెవి ఒక్కటే, సింక్‌తో మొదలుపెడితే ఆ చెవి తయారు కాదు. టెంపో రేంజ్‌ను (ఫేడర్ వేగాన్ని మార్చగల పరిధిని) 6 లేదా 10 శాతానికి పెట్టండి. 16లో పెడితే ఫేడర్ కొంచెం కదిలినా వేగం ఎక్కువగా దూకుతుంది. ఒకే పాటను రెండు డెక్‌లలో ఎక్కించి, ఒకదాన్ని 3 శాతం పెంచి, బీపీఎం అంకెల మీద కాగితం అంటించండి. హెడ్‌ఫోన్‌లో వింటూ రెండోదాన్ని కలపండి. ఏది వేగంగా ఉందో తెలియనప్పుడు జాగ్ వీల్‌ను అంచు పట్టుకుని ముందుకు కొద్దిగా నెట్టండి. నెట్టాక కాసేపు కలిసి, మళ్లీ వెనకబడితే మీ పాట నెమ్మదిగా ఉంది, ఫేడర్‌తో వేగం పెంచాలి. నెట్టగానే ఇంకా చెడితే వెనక్కి లాగి చూడండి. ఒకే పాటతో కుదిరాక రెండు హౌస్ పాటలు, ఆ తర్వాత రెండు తెలుగు పాటలు. రోజుకి 40 నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. మీరు కలిపినది రికార్డు చేసి మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు వినపడని తప్పులు అప్పుడు వినపడతాయి.

వేగం కలవడం సగం పనే. రెండో పాట ఎక్కడ మొదలవ్వాలన్నది మిగతా సగం. నాలుగు దెబ్బలు ఒక బార్, ఎనిమిది బార్లు అంటే 32 దెబ్బలు ఒక ఫ్రేజ్. 128 బీపీఎంలో ఇది సరిగ్గా 15 సెకన్లు, 100లో 19.2 సెకన్లు. కొత్త పాటను ఫ్రేజ్ మొదటి దెబ్బ మీదే వదలాలి. సినిమా పాటల్లో పల్లవి మధ్యలో అదనంగా ఒక బారో, సగం బారో వస్తుంటుంది, లెక్క అక్కడే తప్పుతుంది. అందుకే ప్రతి పాటకీ నాలుగు హాట్ క్యూలు (బటన్ నొక్కగానే పాట దూకే గుర్తులు) పెట్టుకోండి: డ్రమ్స్ పడే మొదటి దెబ్బ, పల్లవి మొదలు, జనం ఎక్కువగా ఆడే చోటు, మీరు బయటపడాల్సిన చోటు. 200 పాటలకి ఈ పని చేసి, గ్రిడ్లు సరిచూసుకుంటే, సరిచూడని 5,000 పాటల కన్నా ఎక్కువ ఉపయోగం.

కలిపేటప్పుడు రెండు పాటల బేస్ ఒకేసారి ఉండకూడదు. రెండు కిక్‌లు కలిస్తే సిస్టమ్‌లోని లిమిటర్ మొత్తం శబ్దాన్ని నొక్కేస్తుంది, జోరు తగ్గినట్టు అనిపిస్తుంది, మీరేమో ఇంకా పెంచుతారు. కొత్త పాటను “లో” నాబ్ (బేస్‌ది) పూర్తిగా ఎడమకు తిప్పి ఉంచి తీసుకురండి. ఫ్రేజ్ మారే దెబ్బ మీద పాతదాని “లో” నాబ్ దించి, కొత్తదాని “లో” నాబ్‌ను నిట్టనిలువుగా పన్నెండు గంటల చోటుకు తేవాలి. ప్రతి పాటకీ ట్రిమ్ (ఆ పాట శబ్ద స్థాయి నాబ్) సరిచేసి, మీటర్ పచ్చ దాటి నారింజ మొదట్లో ఆడేలా చూసుకోండి. ఎరుపు వెలిగితే శబ్దం పెరగదు, చిరుగుతుంది. ఇంకా వాల్యూమ్ కావాలంటే సౌండ్ వాళ్లను అడగాలి.

95లో ఉన్న పాట నుంచి 128కి వెళ్లాల్సినప్పుడు ఫేడర్‌తో సాగదీయొద్దు. 5, 6 శాతం దాటితే కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారనివ్వనిది) ఉన్నా గొంతు పాడవుతుంది. పల్లవి చివరి మాట మీద ఒక బీట్ ఎకో వేసి, ఫేడర్ దించి, ఆ ప్రతిధ్వని ఆరిపోయేలోపు కొత్త పాటను దాని మొదటి దెబ్బ మీద వదలండి. ఫేడర్ దించగానే ఎకో కూడా ఆగిపోతే ఎఫెక్ట్ ఫేడర్‌కు ముందు పనిచేస్తోందని అర్థం, సెట్టింగ్స్‌లో పోస్ట్ ఫేడర్‌కి మార్చండి.

ఫంక్షన్ మొదలయ్యే ముందు ల్యాప్‌టాప్‌లో వై-ఫై, నోటిఫికేషన్లు ఆపి, పవర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ తీసేయండి. పాట మధ్యలో కంట్రోలర్ ఉన్నట్టుండి మాయమైతే ముందుగా అనుమానించాల్సింది ఈ సెట్టింగునే. శబ్దం చిటపటలాడితే బఫర్‌ను (సాఫ్ట్‌వేర్ ముందే సిద్ధం చేసుకునే శబ్దం ముక్కను) 256 నుంచి 512కి పెంచండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆలస్యం 6 నుంచి 12 మిల్లీసెకన్లకు పెరుగుతుంది, చేతికి తెలియదు. యాంకర్ మైకును మీ కంట్రోలర్‌లో పెట్టనివ్వకండి, అది సౌండ్ వాళ్ల మిక్సర్‌లోకే వెళ్లాలి.

చట్టం సంగతి రెండు మాటలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇంటివాళ్లు “ఇంకొక్క పాట” అని బతిమాలినా 9.50కి చివరి పాట వేయండి. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(జెడ్ఏ) పెళ్లి ఊరేగింపులు, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేయడాన్ని మినహాయించింది. పబ్బులకు, హోటళ్ల టికెట్ పార్టీలకు ఆ మినహాయింపు లేదు, లైసెన్సు కావాలి. చెవుల జాగ్రత్త కూడా ఇప్పటి నుంచే మొదలుపెట్టండి: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర సురక్షితమైన సమయం 15 నిమిషాలే. మ్యుజీషియన్ల కోసం చేసిన ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి, మామూలు దూది పనికిరాదు.

పబ్బుల్లో మీ కంట్రోలర్ పెట్టుకోవడానికి చోటు ఉంటుందన్న నమ్మకం లేదు. సాధారణంగా అక్కడ సీడీజేలు (పెన్‌డ్రైవ్ నుంచి పాటలు నడిపే క్లబ్ ప్లేయర్లు), మధ్యలో డీజేఎం మిక్సర్ ఉంటాయి. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే చాలు. ఇంట్లో రికార్డ్‌బాక్స్‌లో సరిచేసిన గ్రిడ్లు, హాట్ క్యూలు ఎక్స్‌పోర్ట్ చేస్తే పెన్‌డ్రైవ్‌తో పాటే వస్తాయి. దాన్ని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయండి, పాత యంత్రాలూ చదువుతాయి. ఫ్లాక్ ఫైళ్లను పాత సీడీజేలు చదవవు కాబట్టి 320 ఎంపీ3 లేదా ఏఐఎఫ్ఎఫ్ ఉంచండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో ఎజెక్ట్ నొక్కకుండా పీకేస్తే డేటాబేస్ పాడై యంత్రంలో ప్లేలిస్టులు కనిపించకపోవచ్చు. ఒకేలాంటి రెండు పెన్‌డ్రైవ్‌లు చేసుకోండి. మొదటి అవకాశం రాకముందే, సీడీజేలు ఉన్న శిక్షణ స్టూడియోలో గంటల లెక్కన అద్దెకు తీసుకుని ఒకటి రెండుసార్లు చేయి తిప్పండి. అక్కడ ముఖ్యంగా అలవాటు చేసుకోవాల్సింది ల్యాప్‌టాప్ లేకుండా ఆ చిన్న తెర మీద పాట వెతకడం. ప్లేలిస్టులను “సంగీత్ 95-105”, “తిశ్రం”, “హౌస్ 124-128” అని వేగాల వారీగా చేసి ఉంచితే పాట వెతుకులాట తొందరగా తెములుతుంది.